పాకెట్టు మీది మునీశ్వరమ్మ

తన ముఖం ఆటో ఎక్కి మదనపల్లె వీధుల్లో తిరుగుతుందని మునీశ్వరి ఏనాడూ అనుకోలేదు. ఆ పొద్దు మార్కెట్టులో టమోటాలు దింపి, బస్టాండు దగ్గర సోడా తాగుతోంది. వెనక నుంచి మైకులో ఎవరో ఆడమనిషి గొంతు. "అక్కల్లారా, చెల్లెళ్ళారా! దిగులు పడొద్దండి. నా ఆకుల్ని నా బిడ్డల మాదిరి సాకినాను. నమ్మి వాడండి!"

ఎక్కడో విన్న గొంతే అనుకుంది. మరుక్షణం సోడా సీసా నోటి దగ్గరే ఆగింది. అది తన గొంతే!

తిరిగి చూస్తే ఆటో వెనక నిలువెత్తు ఫ్లెక్సీ. పట్టుచీర కట్టుకొని, నుదుటన రూపాయంత బొట్టుతో, చేత్తో వేపమండ పట్టుకొని తానే నవ్వుతోంది. కింద ఎర్రటి అక్షరాలు: ‘మునీశ్వరమ్మ మూలికా చూర్ణం’. సోడా సీసా బండివాడి చేతిలో పెట్టి, కొంగు నడుముకు దోపుకొని ఆటో వెంట పరుగెత్తింది.

"ఆపప్పా! ఆపు! ఆ బొమ్మ నాదే!"

డ్రైవరు పెద్దన్న బ్రేకు వేసి, ఫ్లెక్సీ వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూశాడు. "అయ్యో, నిజమే గదమ్మా! ఎక్కు, ఎక్కు. అసలు మనిషే ఉండంగా ఉత్త బొమ్మను తిప్పేదేంది?" అంటూ పక్కన కూర్చోబెట్టుకొని ఊరంతా తిప్పాడు. అంగళ్ళవాళ్ళు చేతులూపారు. పూలమ్మే ఒకామె మూర కనకాంబరాలు ఊరికే ఇచ్చింది. మునీశ్వరి పుంగనూరు బస్సెక్కేటప్పటికి చెంపలు నొప్పి పుట్టేంతగా నవ్వి ఉంది.

పుంగనూరుకు ఆనుకొని ఉన్న పల్లెలో ఆమెది సేద్యగాళ్ళ ఇల్లు. మొగుడు మల్లప్ప, రెండు పాడి ఆవులు, బోరు కింద టమోటా, మెట్టన వేరుశనగ. ఆకుల పని అత్త కుప్పమ్మ దగ్గర అబ్బింది. వావిలాకు, వేపాకు, పసుపుకొమ్ము, కరక్కాయ నీడన ఎండబెట్టి దంచి పెట్టేది కుప్పమ్మ. కాన్పయిన పడుచుకు కాచిన నీళ్ళు పోయాలన్నా, పొద్దంతా తడిచీరతో మళ్ళలో నిలబడిన కూలిదానికి తొడల సందున ఒరుసుకుపోయి మంట పుట్టినా ఆ పొడే. నీళ్ళలో మరిగించి, గోరువెచ్చగా చేసి, పైపైన కడుక్కోవడం. అంతవరకే. అత్త పోయాక చుట్టుపక్కల ఆడవాళ్ళు మునీశ్వరి దగ్గరికి రావడం మొదలుపెట్టారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని "రోంత పొడి ఉందా?" అనేవాళ్ళు. ఎందుకని ఆమె అడిగేది కాదు. కాగితంలో కట్టి ఇచ్చేది. అడగదు కాబట్టే ఇంకా ఎక్కువమంది వచ్చేవాళ్ళు.

మదనపల్లెలో నాటుమందుల అంగడి పెట్టుకున్న రాజేంద్ర భార్య అమరావతికి కూడా ఆ పొడితోనే దురద తగ్గింది. దాంతో రాజేంద్ర స్కూటరు మీద పల్లెకు వచ్చి, "పొడి నీది, పాకెట్టు నాది. ఊరూరా పంపుదాం మునీశ్వరక్కా" అన్నాడు. స్టూడియోకు తీసుకుపోయి ఫొటో తీయించాడు, గొంతు రికార్డు చేయించాడు. ఆ ఫొటోనే ఇప్పుడు ఆటోల మీద ఊరేగుతోంది.

"సినిమావోళ్ళు గూడా ఇంత పెద్దగా ఉండరే!" అన్నాడు మల్లప్ప ఆ రాత్రి, ఆమె ఫోనులో తీసుకొచ్చిన ఫ్లెక్సీ బొమ్మను చూసి. "ఇంగ మనింట్లో సంగటి ఎవరు కెలకతారో!"

"నువ్వే కెలుకు" అంది ఆమె, కనకాంబరాలు సవరించుకుంటూ.

కొన్నాళ్ళకు రాజేంద్ర కుప్పంలో దుకాణం పెట్టి, ఆమెనే వచ్చి కూర్చోమన్నాడు. తెల్లారకముందే లేచి పాలు పిండి, ఫొటోలో కట్టిన పట్టుచీరే కట్టి, పలమనేరు మీదుగా బస్సులో పోయింది. దుకాణం తెరిచీ తెరవకముందే ఆడవాళ్ళు మూగారు. "ఈమే! ఈమే!" అని సెల్ఫీలు తీసుకున్నారు. ఒక ముసలమ్మ ఏకంగా బుగ్గలు పుణికి మెటికలు విరిచింది. మునీశ్వరికి ఒళ్ళు గాలిలో తేలుతున్నట్టుంది.

అప్పుడు వచ్చింది శ్వేత. గుడుపల్లెలో మిషను కుట్టే పిల్ల. ముప్పై దాటి ఉంటాయి. మెడలో ఇంకా టేపు వేలాడుతూనే ఉంది. దగ్గరికి వచ్చి ఆమె రెండు చేతులూ పట్టేసుకుంది.

"అమ్మా, నిన్ను సూడాలని పరిగెత్తుకోని వచ్చినాను. నువ్వు నా పానం కాపాడినావు!"

"ఏమయిందమ్మా?" అంది మునీశ్వరి పొంగిపోతూ.

శ్వేత గొంతు తగ్గించింది. "మా ఊర్లో క్యాంపు పెట్టి పరీక్ష చేసినారు. గర్భసంచి మూతి కాడ వైరస్సు ఉండాదంట. హెచ్‌పీవీ అంట. అంతటితో పోలేదు, ఆడ తెల్లంగా మచ్చ మాదిరి లేచిందంట. ఇప్పుడే తీసేయాల, ఊరికే వదిలేస్తే రేపు క్యాన్సరు కావచ్చునని డాక్టరమ్మ చెప్పింది. ఈ పొద్దే రమ్మనింది. నేను పోలే. యాల పోవాల? నీ పొడి ఉండాది గదా! పూటకొక చెంచా పాలల్లో తాగతాండాను."

మునీశ్వరి నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. "తాగతాండావా? ఇది కడుక్కొనేది గదమ్మా!"

"పాకెట్టు మిందనే రాసుండాది సూడు."

మునీశ్వరి ఒక పాకెట్టు తీసి వెనక్కి తిప్పింది. పదో తరగతి దాకా చదివిన మనిషి, చదవలేక కాదు. కానీ పాకెట్టు వెనకవైపు ఆమె ఇంతవరకు చూడనే లేదు. ముందువైపు ఫొటో చూసుకోవడానికే పొద్దు చాలలేదు. సన్నటి అక్షరాలను కంటికి దగ్గరగా పెట్టుకొని చదివింది: ‘స్త్రీల గర్భాశయానికి సోకే హెచ్‌పీవీ, హెర్పిస్ మొదలైన సమస్త వైరస్‌లను వేళ్ళతో సహా పెరికివేయును. ఆపరేషన్ అవసరం లేదు. ఉదయం, సాయంత్రం పాలలో సేవించవలెను.’

హెర్పిస్ అంటే ఏమిటో ఆమెకు తెలియదు. హెచ్‌పీవీ అన్న మాట వినడం అదే మొదలు. ఆ మాటల పక్కనే తన ముఖం మాత్రం హాయిగా నవ్వుతోంది.

"డాక్టరమ్మ ఎంతసేపటి దాకా ఉంటుంది?"

"మధ్యాన్నం దాకా. యాలమ్మా?"

మునీశ్వరి దుకాణం బల్ల మీద దుప్పటి కప్పింది. కొనడానికి నిలబడ్డవాళ్ళు "మాకీయమ్మా, మాకీ!" అంటున్నా వినిపించుకోకుండా శ్వేత చెయ్యి పట్టుకొని రోడ్డుకు లాక్కుపోయింది. వచ్చిన మొదటి ఆటోకు అడ్డంగా నిలబడి ఆపింది. ఆటోలో శ్వేత ఏడుపు మొదలుపెట్టింది.

"నేను రాను. మా ఇంటాయన వైరస్సు అనే మాట ఇంటే యాడి నుంచి తెచ్చినావని అడుగుతాడు. నీ పొడి అయితే ఎవురూ ఏమీ అడగరు. స్నానం పొడి అని చెప్పినా సరిపోతాది."

మునీశ్వరి ఆమె చెయ్యి వదల్లేదు. ఇన్నేళ్ళుగా తన వాకిట్లోకి కొంగు అడ్డం పెట్టుకొని వచ్చిన ఆడవాళ్ళందరూ కళ్ళముందు కదిలారు. వాళ్ళలో ఎందరికి దురదో, ఎందరికి ఇంకేముందో! వాళ్ళకు కావలసింది ఆకు ఒక్కటే కాదు, ఎవరూ ఏమీ అడగకుండా ఉండడం కూడా. "అడిగితే నేను చెప్తా పద" అంది, ఏం చెప్పాలో తనకే తెలియకుండా.

ఆసుపత్రి వరండాలో నర్సు కుర్చీలు సర్దుతోంది. డాక్టరు మాధవీలత బ్యాగు భుజాన వేసుకొని బయటికి వస్తోంది. శ్వేతను చూసి ఆగింది. ఆ వెనక మునీశ్వరిని చూసి కళ్ళు చిట్లించింది.

"మిమ్మల్ని ఎక్కడో చూశానే?"

"పాకెట్టు మింద సూసుంటావు తల్లీ. ఆ మునీశ్వరిని నేనే. తిట్టేది తర్వాత తిట్టు, ముందు ఈ పిల్లను సూడు."

డాక్టరు తిట్టలేదు. బ్యాగు కింద పెట్టి ఇద్దరినీ లోపలికి పిలిచింది. కాగితం మీద గర్భసంచి బొమ్మ గీసి, దాని మూతి దగ్గర పెన్నుతో చిన్న చుక్క పెట్టింది.

"కాపురం చేసే ఆడవాళ్ళలో చాలామందికి ఈ వైరస్ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది శ్వేతా. మగవాళ్ళకూ వస్తుంది. ఎప్పుడు వచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు. ఏళ్ళ తరబడి కిమ్మనకుండా ఉండిపోవచ్చు. మీ ఆయన్ను నా దగ్గరికి పంపు, నేను చెప్తా. నిన్ను తప్పుపట్టడానికి ఇందులో ఏమీ లేదు."

శ్వేత గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

"మరి మా ఆకులకు లొంగదా తల్లీ?" మునీశ్వరి అడిగింది.

"ఆకుల మీద పరిశోధనలు జరుగుతున్నాయమ్మా. కానీ ఇవాళ్టికి ఈ వైరస్‌ను చంపే మందు మీ దగ్గరా లేదు, నా దగ్గరా లేదు. ఎక్కువమందికి ఒంట్లో సత్తువే ఏడాది రెండేళ్ళలో దాన్ని తరిమేస్తుంది. కొందరిలో పోకుండా నిలబడిపోతుంది. వాళ్ళకే చిక్కు. అది చెడగొట్టిన చోటును మేము ముందుగానే తీసేస్తే క్యాన్సరు దాకా రానివ్వకుండా ఆపొచ్చు."

"అంటే మా పొడి తాగినోళ్ళకు వైరస్సు పోయిందంటే…"

"తాగకపోయినా పోయేది. పోనివాళ్ళు మాత్రం తాగుతూ కూర్చుంటారు. ఆలోపల మచ్చ ముదురుతుంది." డాక్టరు సొరుగు లాగింది. అందులో మునీశ్వరి ముఖాలు ఒకదాని మీద ఒకటి. "ఇవన్నీ నా దగ్గరికి వచ్చినవాళ్ళు ఇచ్చినవే. రానివాళ్ళ సంగతే నా బెంగ."

ఇంత చిన్న సొరుగులో తాను అన్నిసార్లు నవ్వుతుండడం చూడలేక మునీశ్వరి తానే దాన్ని మూసేసింది.

శ్వేతను లోపలికి తీసుకుపోయారు. మునీశ్వరి వరండాలో నిలవలేక అటూ ఇటూ తిరిగింది. నర్సు "కూర్చోమ్మా" అంటే కూర్చోవడం, మళ్ళీ లేవడం. ఒక కాఫీ తాగేంత సేపటికే తలుపు తెరుచుకుంది. శ్వేత తన కాళ్ళ మీద తానే నడుచుకుంటూ వచ్చింది.

"అయిపోయిందామ్మా?"

"అయిపోయింది! వేడి పరికరం రోంతసేపు ఆనించినారు. కడుపులో పట్టేసినట్టు అయింది, అంతే. దీనికా నేను ఇన్నిదినాలు నిద్దర ల్యాకుండా ఏడ్చింది?" శ్వేత నవ్వుతోంది, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. మునీశ్వరి ఆమెను వాటేసుకొని అమాంతం పైకెత్తబోతే నర్సు గట్టిగా అరిచింది. కొన్ని వారాలు నీళ్ళలా తెల్లబట్ట అవుతుందని, బరువులు ఎత్తొద్దని, ఏడాదికి మళ్ళీ పరీక్షకు రావాలని డాక్టరు చెప్పి పంపింది. పొడి తాగడం ఆ పూటే ఆపేయమంది.

ఆ రాత్రి ఇంట్లో మునీశ్వరి పాకెట్టు వెనకవైపు మళ్ళీ మళ్ళీ చదివింది. రాజేంద్రకు ఫోను చేస్తే ఎత్తలేదు. తెల్లారి మల్లప్ప పాలక్యాను కట్టుకొని పుంగనూరుకు పోతుంటే మోటారుసైకిలు వెనక తానూ ఎక్కింది. పాలకేంద్రం దగ్గర దిగీ దిగకముందే వీధి చివర తన గొంతు. "నమ్మి వాడండి! నమ్మి వాడండి!" పెద్దన్న ఆటో వస్తోంది.

"అదుగో వస్తాండావు" అన్నాడు మల్లప్ప.

మునీశ్వరి నడివీధిలో రెండు చేతులూ చాచి నిలబడింది. ఆటో ఆగగానే ఎక్కి కూర్చుంది. "ఆ టేపు ఆపు పెద్దన్నా. మైకు ఇట్లియ్యి."

"సొంతంగా చెప్తావామ్మా? భలే!" పెద్దన్న ఉత్సాహంగా మైకు అందించాడు. ఆమె గొంతు సవరించుకుంది.

"అక్కల్లారా, ఈ బొమ్మలో ఉండేది నేనే. బండిలో ఉండేది గూడా నేనే. ఇనుకోండి! నా పొడి మంటకు, దురదకు పైన కడుక్కొనేదానికి. తాగేది గాదు. లోపల పెట్టుకొనేది గాదు. ఇది ఏ వైరస్సునూ సంపదు! పాకెట్టు ఎనక రాసింది అబద్ధం. పరీక్షలో వైరస్సు ఉండాదని కాయితం ఇచ్చినోళ్ళు నా పొడి పక్కన పెట్టి ఆస్పత్రికి పోండి. కాయితం ల్యానోళ్ళు పోయి పరీక్ష చేయించుకోండి!"

పెద్దన్న నోరు తెరిచేశాడు. "అమ్మా! రాజేంద్ర నన్ను పనిలోంచి పీకేస్తాడు!"

"నువ్వు తోలప్పా. పీకితే నా ముఖమే ముందు పీకాల."

ఆటో కదిలింది. వాకిళ్ళలో కళ్ళాపి చల్లుతున్నవాళ్ళు చెంబులు పట్టుకొని అలాగే నిలబడ్డారు. మిద్దె మీద బట్టలు ఆరేస్తున్న శారదమ్మ అనే పెద్దావిడ వంగి అరిచింది.

"ఏందే మునీశ్వరీ, నీ మందు మంచిది గాదని నువ్వే చాటింపేస్తాండావా?"

"మంచిదే పిన్నమ్మా! కడుక్కోను మంచిది. ఇల్లు ఊడ్చే పొరకతో అన్నం వడ్డిస్తామా?"

వీధంతా గొల్లుమంది. శారదమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వుతో మునీశ్వరికి ధైర్యం వచ్చింది. ప్రతి వీధి మలుపులోనూ అదే మాట చెప్పింది. ఆడవాళ్ళు బండి చుట్టూ చేరి అడగడం మొదలుపెట్టారు. "నొప్పి ల్యాకున్నా పరీక్ష చేయించుకోవాల్నా?" "మగ డాక్టర్లు ఉంటారా?" తెలిసింది చెప్పింది. తెలియనిది అక్కడికక్కడే మాధవీలతకు ఫోను చేసి, ఫోనును మైకుకు ఆనించి అడిగింది. "ముప్పై దాటినవాళ్ళు ఏ బాధా లేకపోయినా చేయించుకోవాలి" అని డాక్టరు గొంతు పుంగనూరు బజారంతా మోగింది. పాలు పోసి వచ్చిన మల్లప్ప ఖాళీ క్యానుతో బండి వెనకే మోటారుసైకిలు తోలుకుంటూ, దారిలో కనబడినవాళ్ళకల్లా "మా ఆడమనిషే" అని చెప్పుకుంటూ వచ్చాడు.

బండి మదనపల్లె దారి పట్టింది. ఊరు చేరేసరికి ఎవరో తీసిన వీడియో అప్పటికే ఫోన్లలో తిరుగుతోంది. రాజేంద్ర అంగడి ముందు రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు. ముఖం కందగడ్డలా ఉంది.

"ఏమక్కా, అంగడి మూసుకొమ్మంటావా? నా పేరు బజారుకీడిస్తివే!"

"నా ముఖాన్ని నువ్వు బజారుకు ఈడ్చలేదా? ఆ ఎనక రాసింది ఎవురు రాసినారు?"

రాజేంద్ర తడబడ్డాడు. "ప్రెస్సులో డిజైను చేసే అతను ఫోన్లో యాడనో చూసి రాసిచ్చినాడు. బాగుండాది గదా అని నేను సరేనన్నా. ఆకులే గదక్కా, తాగితే ఏం పోతాదనుకున్నా."

"కుప్పంలో ఒక పిల్ల ఆస్పత్రి మానేసి కూసునింది. ఇంకో ఏడాది అట్లే కూసోనుంటే?"

ఆ మాటకు గల్లాపెట్టె దగ్గర కూర్చున్న అమరావతి లేచి బయటికి వచ్చింది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి. చీర కుచ్చెళ్ళు పట్టుకొని మెట్లు దిగి, మొగుడి వైపు చూడకుండా మునీశ్వరి దగ్గర ఆగింది.

"పోయిన కార్తీకంలో నన్ను గూడా పరీక్షకు పిలిచినారు మునీశ్వరక్కా. మన పొడి ఉండాది గదాని నేనూ పోలేదు."

రాజేంద్ర నిలువునా నీరైపోయాడు. "నాకు చెప్పలేదే?"

"ఎట్ల చెప్పేది? పాకెట్టు అమ్మేది నువ్వే గదా."

రాజేంద్ర లోపలికి పోయాడు. అలమరలోంచి పాకెట్లు తీసి అట్టపెట్టెల్లోకి విసరడం మొదలుపెట్టాడు. మొదట కోపంగా విసిరాడు. తర్వాత ఒక్కొక్కటే చూసి సర్దాడు. ఆ సాయంత్రమే ఊరూరా అంగళ్ళకు ఫోన్లు చేసి సరుకు వెనక్కి పంపమన్నాడు. పెద్దన్నను పని మానిపించలేదు, ఆ పెట్టెలన్నీ తెచ్చే పని అతనికే అప్పజెప్పాడు.

ఆ వారంలోనే మునీశ్వరి, అమరావతి, పుంగనూరు వీధుల్లోంచి పోగైన ఆడవాళ్ళు కలిసి కుప్పం బస్సెక్కారు. పెళ్ళికి పోతున్నంత సందడి. ఒకరు చింతపండు పులిహోర తెచ్చారు, ఒకరు బొరుగుల ఉండలు. ఆసుపత్రి దగ్గర దిగాక మాత్రం అందరూ ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు. "ముందు నువ్వే పోవాల, మైకు పట్టుకున్నది నువ్వే" అని మునీశ్వరిని తోశారు. ఆమె చెప్పులు విడిచి, దేవుణ్ణి తలుచుకొని లోపలికి పోయింది. కాసేపటికి తల బయటికి పెట్టి, "ఇంతేనే! రాండి, రాండి!" అని కేకేసింది.

మునీశ్వరికి ఏమీ లేదని తేలింది. అమరావతికి వైరస్ ఉంది గానీ మచ్చ లేదు. ఏడాదికి మళ్ళీ చూద్దాం, చాలావరకు అదే పోతుందని డాక్టరు చెప్పింది. ఆ మాట ఫోనులో విని రాజేంద్ర అంగడిలోనే కూలబడి ఏడ్చాడని పెద్దన్న తర్వాత చెప్పాడు. కొత్త పాకెట్టు వెనక ఇప్పుడు మూడే మాటలు: పైన కడుక్కోవడానికి మాత్రమే. అది డాక్టరుకు చూపించాకే అచ్చుకు ఇచ్చారు. అమ్మకం మునుపటంత లేదు. శ్వేత మొగుడు ఒకసారి ఆసుపత్రికి వచ్చి, డాక్టరు ముందు తలొంచుకొని కూర్చొని, పోతూ పోతూ తమ కూతురికి వేయించాల్సిన టీకా గురించి అడిగి పోయాడు.

మరుసటేడు కోతల కాలం. మునీశ్వరి టమోటా చేలో కూలీలతో కలిసి కాయలు కోస్తుంటే రవికెలో ఫోను మోగింది. శ్వేత. పలకరింపు కూడా లేదు.

"పోయిందమ్మా! పరీక్షలో ఏమీ ల్యా! మచ్చా ల్యా, వైరస్సూ ల్యా!"

మునీశ్వరి గంపను అక్కడే వదిలేసి గట్టు మీదికి ఎగిరి దూకింది. "మల్లప్పోయ్! పోయిందంట! శ్వేతకు పోయిందంట!" చేను ఆ కొస నుంచి మల్లప్ప తలపాగా విప్పి గాలిలో ఊపాడు. కూలీలు ఏమైందేమైందని చుట్టూ చేరారు. ఆమె ఆయాసపడుతూనే మొదటి నుంచి చెప్పుకొచ్చింది. అంతా విన్నాక, చంకలో గంపతో చివర నిలబడిన చాందిని అనే కూలిపిల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకోకుండానే అడిగింది.

"మునీశ్వరక్కా, ఈసారి కుప్పం బస్సు ఎప్పుడు? నేను గూడా వస్తాను."